గ్యారేజీని పడకగదిగా మార్చిన ఇల్లు కొంటున్నాం, కౌన్సిల్ కాగితాలు లేవు

కొత్తిల్లు_వేట
ఇంగ్లండ్‌లో ఒక సెమీ డిటాచ్డ్ (ఒక గోడ పక్కింటితో కలిసిన) ఇంటికి ఆఫర్ ఇచ్చాం, ఒప్పుకున్నారు. తొంభైల్లో కట్టిన ఎస్టేట్ (ఇళ్ల సముదాయం). ప్రకటనలో నాలుగు పడకగదులని రాశారు. నాలుగోది కింద ఉంది, ఒకప్పుడు ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీ అది. పెద్ద తలుపు తీసేసి, గోడ కట్టి, కిటికీ పెట్టారు. 2018లో చేయించానని యజమాని అంటున్నారు. ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదని మేస్త్రీ చెప్పాడట, అంతే. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) నుంచి ఒక్క కాగితం కూడా లేదు. మా సొలిసిటర్ (లాయరు) అడిగితే, ఇండెమ్నిటీ పాలసీ (కౌన్సిల్ చర్య తీసుకుంటే నష్టం భరించే బీమా) ఇప్పిస్తాం, ముందుకు వెళ్దాం అని అవతలివాళ్ల జవాబు. ఏజెంట్ రోజూ ఫోను చేసి తొందరపెడుతున్నారు.

ఆ గది మాకు చాలా ముఖ్యం. మా అత్తయ్యగారు మెట్లు ఎక్కలేరు, ఆవిడ వచ్చినప్పుడల్లా పడుకునేది అందులోనే. పాలసీ తీసుకుని సంతకం పెట్టేయవచ్చా? ఇలాంటి ఇల్లు కొన్నవాళ్లు ఉంటే చెప్పండి.

గోదారిగట్టు
భయపడాల్సినంత విషయం కాదు. గ్యారేజీ మార్పుకు మామూలుగా ప్లానింగ్ పర్మిషన్ అవసరం లేదు, ఆ మేస్త్రీ చెప్పింది నిజమే. మా వీధిలో సగం ఇళ్లు అలాంటివే. పాలసీ తీసుకుని ఇల్లు చేజారకుండా చూసుకోండి.

సర్వేరాయి
మేస్త్రీ చెప్పింది సగం నిజం. రెండో సగం ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇన్ని తలనొప్పులు.

ఇక్కడ రెండు వేర్వేరు అనుమతులున్నాయి. ఒకటి ప్లానింగ్: ఆ స్థలంలో అది ఉండవచ్చా, బయటికి ఎలా కనబడుతుంది, కార్లు ఎక్కడ నిలుపుతారు అన్నది దాని గొడవ. పని లోపలికే పరిమితమై, కట్టడం పెద్దది కాకపోతే సాధారణంగా పర్మిషన్ అడగనక్కరలేదు. తలుపు స్థానంలో గోడ కట్టినా, ఇటుక చూడటానికి మిగతా ఇంటితో కలిసిపోతే చాలు. 2015 నాటి పర్మిటెడ్ డెవలప్‌మెంట్ ఉత్తర్వులో ఉన్న వెసులుబాటు ఇది.

రెండోది బిల్డింగ్ రెగ్యులేషన్స్. ఆ గదిలో మనిషి క్షేమంగా నిద్రపోగలడా అన్నది దాని గొడవ. గ్యారేజీని గదిగా మార్చడానికి ఈ అనుమతి తప్పనిసరి. పునాది, నిప్పు, చెమ్మ, గాలి, చలి, కరెంటు అన్నీ చూసి చివర కంప్లీషన్ సర్టిఫికెట్ ఇస్తారు. మొదటిది అక్కర్లేదు కాబట్టి రెండోది కూడా అక్కర్లేదనుకోవడం ఈ దేశంలో ఇల్లు కొనేవాళ్లకు ఎదురయ్యే అతి మామూలు ప్రమాదం.

మీకు లేనిది ఆ రెండో కాగితం. అత్తయ్యగారు పడుకునే గది కాబట్టి నాకైతే అదే పెద్ద విషయం.

లెక్కలపంతులు
ఒక్క ప్రశ్న. మీరు నాలుగు పడకగదుల ధర ఇస్తున్నారా, మూడింటి ధరా? సర్టిఫికెట్ లేని గదిని పడకగదిగా లెక్కవేయడానికి నేను ఒప్పుకోను. మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) సంస్థ తరఫున వచ్చే విలువదారుడు కూడా ఒప్పుకోకపోవచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఇదే ప్రశ్న మిమ్మల్ని అడుగుతారు.

కొత్తిల్లు_వేట
@లెక్కలపంతులు నాలుగింటి ధరే ఇస్తున్నాం. ఇలా ఆలోచించలేదు.

గోదారిగట్టు
2018లో అయిపోయిన పని. నాలుగేళ్లు దాటితే కౌన్సిల్ ఏమీ చేయలేదు కదా, ఇంకా దేనికి ఆందోళన?

తాళంచెవి
కన్వేయన్సింగ్ (ఇళ్ల కొనుగోలు, అమ్మకాల కాగితాలు చూసే) ఆఫీసులో పనిచేస్తాను. ఈ నాలుగేళ్ల మాట ప్రతి వారం వింటాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అనుమతి లేకుండా కట్టిన కట్టడానికి ఇంగ్లండ్‌లో నాలుగేళ్ల గడువు ఉండేది, నిజమే. 2024 ఏప్రిల్ 25 నుంచి దాన్ని పదేళ్లు చేశారు. ఆ తేదీకి ముందే పని దాదాపు పూర్తయి ఉంటే పాత నాలుగేళ్లే వర్తిస్తాయి. ఇక్కడి వరకు గోదారిగట్టు గారి లెక్క సరిపోతుంది.

కానీ ఎస్టేట్ కట్టినప్పుడు బిల్డరుకు ఇచ్చిన అసలు అనుమతిలో షరతులుంటాయి. "గ్యారేజీని వాహనాలు నిలపడానికి మాత్రమే వాడాలి" అని అందులో ఒక షరతు ఉంటే, దాన్ని మీరిన కేసుకు గడువు అప్పుడూ పదేళ్లే, ఇప్పుడూ పదేళ్లే. 2018 అంటే ఇంకా దాటలేదు. తొంభైల నాటి ఎస్టేట్లలో ఈ షరతు తరచుగా కనబడుతుంది. అలాంటి షరతు ఉంటే మామూలు వెసులుబాటు వర్తించదు, పర్మిషన్ అడగాల్సిందే.

ఇవి కాక ఇంటి దస్తావేజుల్లో బిల్డరు రాయించుకున్న నిబంధనలు ఉండవచ్చు. గ్యారేజీ రూపం మార్చకూడదు, తన అనుమతి లేకుండా మార్పులు చేయకూడదు అని. దానికీ కౌన్సిల్‌కూ సంబంధం లేదు. ల్యాండ్ రిజిస్ట్రీ పత్రాల్లో ఛార్జెస్ అన్న భాగం చదవమని మీ సొలిసిటర్‌ని అడగండి.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం: కౌన్సిల్‌కు ఫోను చేయకండి. ఈ ఇంటి చిరునామా చెప్పి ఎవరైనా ఒక్కసారి ఆరా తీసినా, ఆ తరువాత ఇండెమ్నిటీ పాలసీ ఎవరూ ఇవ్వరు. ఏ దారిలో వెళ్లాలో నిర్ణయించుకున్న తరువాతే ఆ ఫోను.

కొత్తిల్లు_వేట
మా ఆయన రేపు ఉదయం కౌన్సిల్‌కు ఫోను చేద్దామని నంబరు కూడా రాసిపెట్టుకున్నారు. ఇప్పుడే ఆపాను. మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పెరటితోట
అయితే పాత అనుమతిలో షరతు ఉందో లేదో ఎలా తెలుస్తుంది, అడగకుండా?

తాళంచెవి
@పెరటితోట కౌన్సిల్ వెబ్‌సైటులో ప్లానింగ్ రిజిస్టర్ అందరికీ తెరిచే ఉంటుంది. చిరునామా కొట్టి చదువుకుంటే అది కౌన్సిల్‌ను సంప్రదించినట్టు కాదు. చాలాచోట్ల తొంభైల నాటి నిర్ణయ పత్రాలు కూడా స్కాన్ చేసి పెట్టారు. ఇంటి నంబరుతో దొరకకపోతే ఎస్టేట్ మొత్తానికి ఇచ్చిన అనుమతి వెతకండి, అప్పటికి ఇళ్లకు నంబర్లు ఉండవు కదా.

పెరటితోట
మా చెల్లెలు వాళ్లు ఇలాంటి ఇల్లే కొన్నారు. వాళ్లది దొడ్డిదారి మార్పు కాదు, సర్టిఫికెట్ ఉంది. అయినా ఇన్‌స్పెక్టర్ మొదటిసారి వచ్చినప్పుడు కిటికీ మార్పించారట. ఆ గదిలోకి వంటగది గుండా వెళ్లాలి. నిప్పంటుకుంటే లోపలున్నవాళ్లు కిటికీలోంచి దూకి బయటపడాలి కాబట్టి, తెరిచిన కిటికీ సందు కనీసం 0.33 చదరపు మీటర్లు, వెడల్పూ ఎత్తూ ఏదీ 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, సందు అడుగుభాగం నేలనుంచి 1100 మిల్లీమీటర్లకు మించి ఉండకూడదు అన్నారట. ముందు పెట్టినది పైభాగం మాత్రమే తెరుచుకునే కిటికీ.

వేట గారూ, మీరు చూసిన గదికి దారి హాల్లోంచా, వంటగదిలోంచా?

కొత్తిల్లు_వేట
వంటగదిలోంచే. కిటికీ కూడా పైన చిన్నగా తెరుచుకునేదే. అత్తయ్యగారిని అందులో పడుకోబెట్టి తలుపు వేస్తామని తలచుకుంటేనే గుండె జారుతోంది.

సర్వేరాయి
అదే నేను చెప్పేది. ఇంకోసారి చూడటానికి వెళ్లండి, ఈసారి ఏజెంట్ మాటలు వినకుండా గోడలు వినండి.

బయట నిలబడి మొదట చూడాల్సింది పాత తలుపు ఉన్న చోటు. అక్కడ కట్టిన కొత్త గోడ దేనిమీద నిలబడింది? చాలామంది గ్యారేజీ కాంక్రీటు నేల అంచుమీదే ఇటుకలు పేర్చేస్తారు, కింద పునాది ఉండదు. కొత్త ఇటుక పాత ఇటుకతో కలిసేచోట మెట్లు మెట్లుగా సన్నటి పగులు ఉంటే గోడ దిగుతోందని అనుమానించండి. తరువాత డ్రైవ్‌వే. అది గ్యారేజీలోకి కారు దొర్లడానికి వేసింది కాబట్టి తారు సరిగ్గా గడపదాకా వస్తుంది. గదిగా మార్చాక గోడలో చెమ్మను ఆపే పొర బయటి నేలకన్నా 150 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలి. తారు గోడను తాకుతూ ఉంటే, లోపల ఆ మూల కార్పెట్ అంచు ఎత్తి వేలు పెట్టి చూడండి. గోడ అడుగున ఉండే పట్టీ చెక్క దగ్గర రంగు ఉబ్బి, గోరుతో నొక్కితే పొడిగా రాలుతుందా? చెమ్మ అక్కడే మొదలవుతుంది.

ఇక పక్క గోడ. పాత గ్యారేజీలు చాలావరకు ఒంటి ఇటుక గోడలే, మధ్యలో ఒకటో రెండో స్తంభాలు. లోపల చట్రం వేసి ఇన్సులేషన్ పెట్టారా, లేక ప్లాస్టర్ బోర్డు అతికించి రంగు వేశారా? కిటికీ పక్కన గోడ మందం టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది. ఇంటినుంచి గదిలోకి దిగేటప్పుడు మెట్టు ఉందా? పెట్రోలు కారినా ఇంట్లోకి రాకుండా గ్యారేజీ నేలను 100 మిల్లీమీటర్లు తక్కువగా కడతారు. ఆ మెట్టు ఇంకా అలాగే ఉంటే నేలలో ఇన్సులేషన్ వేయలేదని దాదాపు చెప్పేయవచ్చు. మెట్లు ఎక్కలేని మనిషికి ఆ మెట్టు కూడా ఇబ్బందే.

రిక్స్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) లెవెల్ 2 సర్వేలో ఇవేవీ తెరిచి చూడరు. ఈ ఇంటికి ఇంకా వివరమైన లెవెల్ 3 చేయించండి, గ్యారేజీ గది గురించి ప్రత్యేకంగా రాయమని ముందే చెప్పండి.

ఎర్రబస్సు
ఇంతకీ ఈ దేశంలో గ్యారేజీలో కారు పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మా గ్యారేజీలో సూట్‌కేసులు, పిల్లల సైకిళ్లు, మా ఆవిడ ఆవకాయ జాడీలు. కారు వానలో.

లెక్కలపంతులు
@ఎర్రబస్సు పెట్టాలన్నా పట్టదు. చాలా పాత గ్యారేజీలు లోపల 2.4 మీటర్ల వెడల్పే. ఇప్పటి కారు దూరితే తలుపు తెరుచుకోదు, డ్రైవరు డిక్కీలోంచి రావాలి.

వానచినుకు
నేను గోదారిగట్టు గారి వైపే. ఇక్కడ అందరూ కలిసి ఆ దంపతులను బెదరగొడుతున్నారు. మాకూ ఇదే పరిస్థితి వచ్చింది, పాలసీతోనే కొన్నాం. ఆ గదిలో హాయిగా ఉంటున్నాం, ఏ కౌన్సిలూ తలుపు తట్టలేదు. ఆ పాలసీ ఖర్చు కూడా అమ్మినవాళ్లే పెట్టుకున్నారు. పరిపూర్ణమైన ఇల్లు కావాలంటే జీవితాంతం అద్దె కట్టుకోవాలి.

తాళంచెవి
@వానచినుకు పాలసీని నేను తీసిపారేయడం లేదు, మేమూ రోజూ తీసుకుంటాం. కానీ అది దేనికి డబ్బిస్తుందో తెలిసి తీసుకోవాలి. కౌన్సిల్ చర్య తీసుకుంటే అయ్యే ఖర్చుకు, అందువల్ల ఇంటి విలువ పడిపోతే ఆ నష్టానికి ఇస్తుంది. గోడ దిగినా, చెమ్మ పట్టినా, వైర్లు కాలినా ఒక్క పౌండు ఇవ్వదు. చర్య తీసుకునే అవకాశమే తక్కువ కాబట్టి అంత చౌకగా దొరుకుతుంది.

మీ గది బాగుంది కాబట్టి మీకు సరిపోయింది. వేట గారి గదికి బయటపడే కిటికీయే లేదు. రెండూ ఒకటి కావు.

వానచినుకు
కిటికీ విషయం ఒప్పుకుంటాను. అది మార్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు, కొన్నాక చేసుకోవచ్చు కదా?

సర్వేరాయి
కిటికీ ఒక్కటే అయితే చేసుకోవచ్చు. గోడ కింద పునాది లేకపోతే? అది తెలియకముందే ధర ఒప్పుకోవద్దన్నదే నా పట్టుదల.

కొన్నాక మార్పులు చేయించుకునేవాళ్లు ఇది కూడా గుర్తుంచుకోండి. బిల్డింగ్ రెగ్యులేషన్స్ పాటించని పనిని సరిచేయమని కౌన్సిల్ నోటీసు ఇచ్చే గడువు ఒకప్పుడు పన్నెండు నెలలు. 2023 అక్టోబరు 1 నుంచి దాన్ని పదేళ్లు చేశారు. ఇక ఎవరికీ తెలియదులే అని చేయించే రోజులు పోయాయి.

ఎర్రబస్సు
చర్చ కొంచెం పక్కకు. మా తమ్ముడు చూస్తున్న ఇంటికి అసలు గ్యారేజీయే లేదు, పక్కన ఖాళీ స్థలం ఉంది. కొన్నాక విడిగా గ్యారేజీ కట్టుకోవాలంటే పర్మిషన్ కావాలా?

సర్వేరాయి
@ఎర్రబస్సు చాలాసార్లు అక్కర్లేదు. ఇంటి ముందు ముఖానికి ముందుకు రాకూడదు. ఒకే అంతస్తు. చూరు 2.5 మీటర్లు దాటకూడదు. రెండువైపులా వాలిన కప్పయితే 4 మీటర్లు, మిగతావి 3 మీటర్లు. సరిహద్దుకు 2 మీటర్ల లోపు కడితే మొత్తం ఎత్తే 2.5 మీటర్లు, చాలామంది ఇక్కడే దొరికిపోతారు. అన్ని అదనపు కట్టడాలూ కలిపి అసలు ఇల్లు పోగా మిగిలిన స్థలంలో సగం మించకూడదు. కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపం కాపాడే ప్రాంతంలో) ఇంటి పక్కన కట్టాలన్నా, లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా నమోదైన) ఇల్లయినా పర్మిషన్ కావాలి. ఫ్లాట్లకు ఈ వెసులుబాటు లేదు.

విడి గ్యారేజీ 30 చదరపు మీటర్ల లోపు ఉండి, పడక లేకుండా, సరిహద్దుకు కనీసం మీటరు దూరంలో ఉన్నా, లేదా మంటలంటని వస్తువులతో కట్టినా బిల్డింగ్ రెగ్యులేషన్స్ కూడా అక్కర్లేదు.

తాళంచెవి
కాలిబాట అంచు దించడం మరిచిపోకండి. గ్యారేజీ కట్టి, కారు అందులోకి వెళ్లడానికి హైవేస్ విభాగం అనుమతి లేక ఏడ్చినవాళ్లను చూశాను. అది వేరే దరఖాస్తు. ఎ, బి, సి అని వర్గీకరించిన రోడ్లమీద అయితే దానికి ప్లానింగ్ పర్మిషన్ కూడా కావాలి.

పైకప్పు
పాత విడి గ్యారేజీ ఉన్న ఇల్లు కొనేవాళ్లు కప్పు చూడండి. అలలు అలలుగా ఉన్న బూడిదరంగు సిమెంటు రేకులైతే ఆస్‌బెస్టాస్ కావచ్చు. ఇక్కడ పూర్తిగా నిషేధించింది 1999లో, అంతకుముందు కట్టినవి చాలానే మిగిలి ఉన్నాయి. పగలగొట్టకుండా, డ్రిల్లు పెట్టకుండా వదిలేస్తే ప్రమాదం తక్కువ. మార్పులు మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించండి.

మంచుకొండ
స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు పై లెక్కలేవీ పట్టుకోవద్దు. ఇక్కడ బిల్డింగ్ వారెంట్ (కట్టడానికి ముందస్తు అనుమతి) తీసుకుని పని మొదలుపెట్టాలి, ఆ తరువాత కంప్లీషన్ సర్టిఫికెట్. చట్టమే వేరు.

కొత్తిల్లు_వేట
రెండోసారి వెళ్లి చూసి వచ్చాం. సర్వేరాయి గారు చెప్పినట్టే తారు గోడను తాకుతోంది. మూలన కార్పెట్ కింద తడి లేదు కానీ పట్టీ చెక్క దగ్గర రంగు ఉబ్బింది. లోపల మెట్టు అలాగే ఉంది.

రాత్రి కూర్చుని ప్లానింగ్ రిజిస్టర్ వెతికాం. ఎస్టేట్ అనుమతి దొరికింది. షరతుల జాబితాలో ఉంది: గ్యారేజీలను నివాసితుల వాహనాలు నిలపడానికే ఉంచాలి, కౌన్సిల్ రాతపూర్వక అనుమతి లేకుండా గదులుగా మార్చకూడదు. తాళంచెవి గారు చెప్పింది అక్షరాలా.

ఏజెంట్‌కు చెబితే "పాలసీ ఉంది కదా" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

తాళంచెవి
ఏజెంట్ ఫీజు ఇచ్చేది అమ్మేవాళ్లు. ఆ మాటను ఆ లెక్కలోనే వినండి.

ఇప్పుడు మీకు షరతు సంగతి తెలుసు కాబట్టి, పాలసీ తీసుకునేటప్పుడు దాన్ని దాచడానికి వీల్లేదు. దాచి తీసుకున్న పాలసీ చెల్లదు. మీ సొలిసిటర్ మార్ట్‌గేజ్ సంస్థకు కూడా చెప్పి తీరాలి, అది వాళ్ల బాధ్యత. కాబట్టి ముందు మీ సొలిసిటర్‌కు ఆ పత్రం పంపండి.

నేనైతే అమ్మేవాళ్లనే రెండు దరఖాస్తులు పెట్టమంటాను. చేసేసిన పనికి అనుమతి కోరుతూ ప్లానింగ్ దరఖాస్తు, బిల్డింగ్ రెగ్యులేషన్స్‌కు రెగ్యులరైజేషన్ (అయిపోయిన పనిని తరువాత తనిఖీ చేసి ఇచ్చే ఆమోదం). 1985 నవంబరు 11 తరువాత చేసిన ఏ పనికైనా రెగ్యులరైజేషన్ అడగవచ్చు, అది కౌన్సిల్ మాత్రమే ఇవ్వగలదు. ఒక్కసారి దరఖాస్తు పెడితే పాలసీ దారి మూసుకుపోతుంది కాబట్టి అమ్మేవాళ్లు జంకుతారు. అది వాళ్ల సమస్య, మీది కాదు.

గోదారిగట్టు
షరతు ఉందని తేలాక నేనూ సంతకం పెట్టమనను. డ్రైవ్‌వేలో ఎన్ని కార్లు పడతాయి? అక్కడ చోటుంటే ప్లానింగ్ వచ్చేస్తుంది, కౌన్సిల్ బాధంతా కార్లు రోడ్డుమీదికి వస్తాయనే.

కొత్తిల్లు_వేట
రెండు సులువుగా పడతాయి.

లెక్కలపంతులు
అయితే ఆశ ఉంది. ప్లానింగ్ నిర్ణయానికి సాధారణ గడువు 8 వారాలు. అంతకాలం మీ మార్ట్‌గేజ్ ఆఫర్ తేదీ నిలుస్తుందో లేదో చూసుకోండి. లేదా ధరను మూడు గదులకు దించమనండి, గదిని బాగుచేసే ఖర్చు కూడా అందులోంచి తీసేసి, అనుమతుల పని మీరే నెత్తినవేసుకోండి. ఒప్పుకోకపోతే ఇల్లు వదిలేయండి. ఇళ్లు మళ్లీ వస్తాయి.

పెరటితోట
వదిలేయమనడం తేలిక. సర్వే డబ్బు, సొలిసిటర్ డబ్బు పోతాయి, పిల్లల బడి చూసుకుని ఉంటారు. ఒకసారి గట్టిగా అడిగి చూడనివ్వండి.

కొత్తిల్లు_వేట
గట్టిగానే అడిగాం. మొదట కుదరదన్నారు. ఇంకెవరు కొన్నా ఇదే పత్రం బయటపడుతుందని మా సొలిసిటర్ రాశాక యజమాని దిగివచ్చారు. రెండు దరఖాస్తులూ ఆయనే పెడతారు, అవి తేలేదాకా మేం కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకోం, అంటే కొనుగోలు ఖాయం చేసుకోం. ఏజెంట్‌కు కోపం వచ్చింది, మాకు మాత్రం రాత్రి నిద్ర పట్టింది.

ఒక్క సందేహం మిగిలింది. రెగ్యులరైజేషన్‌కు ఇన్‌స్పెక్టర్ వస్తే గోడలు పగలగొడతారా?

సర్వేరాయి
అంతా కాదు. అనుమానం ఉన్నచోట తెరిచి చూపమంటారు. మామూలుగా కొత్త గోడ పాదం దగ్గర బయట ఒక గుంట, పునాది లోతు కనబడేట్టు. ప్లాస్టర్ బోర్డులో ఒకటో రెండో చిన్న చదరాలు కోసి ఇన్సులేషన్ మందం చూస్తారు. కప్పు కింద కూడా ఒకచోట. కరెంటు పనికి విడిగా ఎలక్ట్రీషియన్ పరీక్ష రిపోర్టు అడగవచ్చు. చూశాక ఏమేం సరిచేయాలో రాసిస్తారు, అవి పూర్తయితేనే సర్టిఫికెట్. మీ విషయంలో కిటికీ, తారు, నేల ఈ మూడూ ఆ కాగితంలో ఉంటాయని నా అంచనా. సరిచేసే ఖర్చు ఎవరిదో ఇప్పుడే రాతలో పెట్టించుకోండి, లేకపోతే ఆ జాబితా వచ్చిన రోజున మళ్లీ మొదటినుంచి బేరమాడాలి.

తాళంచెవి
ఆ ఒప్పందం ఏజెంట్ ఈమెయిల్‌లో కాదు, సొలిసిటర్ల మధ్య ఉత్తరంలో ఉండాలి.

కొత్తిల్లు_వేట
ఈరోజే మా సొలిసిటర్‌కు రాస్తున్నాను. నేల ఎత్తు పెంచి ఆ మెట్టు తీసేయడం కూడా జాబితాలో చేర్పిస్తాను.